మా చెల్లెకు వేయించిన ఎత్తు సూదులు

పందొమ్మిది వందల అరవై నాలుగు, పెత్రామాస, సోమవారం, పొద్దున పదకొండు గంటలు. గంట నాకెట్లా తెలుసంటే, జగిత్యాల నుంచి వచ్చే బస్సు మా వాడ మూలమీద అప్పుడే హారన్ కొట్టింది. మెట్‌పల్లిలో మా పుట్టింట్లో, చనిపోయిన మా తాతకు వడ్డించిన విస్తరి ముందు మా చెల్లె నోరు తెరిచింది.

ఏం మాట్లాడిందో చెప్పాలంటే అంతకు ముందు ఏడాదిన్నర సంగతి చెప్పాలి. మా వాడలో ఇప్పటికీ ఈ ముచ్చట వేరే రకంగా చెప్పుకుంటారు. తాత మనవరాలి మీదికి వచ్చాడంటారు. రాలేదు. యాభై దాటినంక అక్షరాలు నేర్చినదాన్ని, సొగసుగా రాయడం నాకు రాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది సాలోళ్ల ఇల్లు. రెండు గుంట మగ్గాలు. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు దించి కూర్చుని, అడుగున ఉండే తొక్కుడు కట్టెలను పాదాలతో తొక్కుతూ నేసే మగ్గాలు. ఒకటి మా తండ్రిది, అంటే బాపుది, ఒకటి తాతది. తాత మహా పొడగరి. మా ఇంట్లోకి వచ్చేటప్పుడు దర్వాజ దగ్గర సగానికి వంగేవాడు. తన గుంట తన కాళ్ల కొలతకు తానే తవ్వుకున్నాడు. ఆ గుంటలో కూర్చున్నాడంటే తల, భుజాలు మాత్రమే కనపడేవి గానీ గొంతు మాత్రం వాడంతా వినపడేది. బిందె అడుగులోంచి వచ్చినట్టు ఉండేది. కల్లు దుకాణంలో కూర్చున్న బాపు ఆ గొంతు వినపడగానే మూతి తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చేవాడు. నలభై ఏళ్ల మనిషి.

అరవై మూడులో శివరాత్రి పోయినంక తాత చనిపోయాడు. బాపు అప్పుడు చీరెల మూట తీసుకుని ఆసిఫాబాద్ అంగడికి పోయి ఉన్నాడు. కబురు అందేసరికి, బండ్లు మారి ఇల్లు చేరేసరికి, తాతను పెట్టిన చోట మన్ను ఆరిపోయింది. కొడుకు చేతి పిడికెడు మన్ను పడలేదు. బాపు వాకిట్లో నిలబడి అందరినీ ఒకటే అడిగాడు.

"నాయిన నన్ను పిలిచిండా? పోయేటప్పుడు నా పేరు దీసిండా?"

"నాకు కన్నంటుకున్నది కొడుకా," అన్నది నాయినమ్మ. "నాకెర్కలే."

ఆ తెల్లవారుజామున తాత పక్కన మేలుకుని ఉన్నది మా చెల్లె ఒక్కతే. పన్నెండేళ్లది. అది ఏమీ చెప్పలేదు. చిన్నపిల్ల, దాన్ని గట్టిగా అడిగినవాళ్లూ లేరు.

మా ఇంటి ఆనవాయితీ ఒకటుంది. పోయినవాడి మగ్గం సంవత్సరీకం దాకా మూగగా ఉండొద్దు. ఇంటి మనిషి ఎవరో ఒకరు అందులో కూర్చుని నేయాలి. బాపుకు కొడుకులు లేరు. నన్ను అదే వాడలో మూడిళ్ల అవతల ఇచ్చారు, నేను మా ఇంటాయన మగ్గానికి నూలు కండెలు చుట్టాలి. మిగిలింది చెల్లె. దానికి పని బాగా వచ్చు. చెయ్యి చురుకు, నోరు అంతకన్నా చురుకు. గొంతు పిల్లికూన గొంతు. నన్ను "అక్కా" అని పిలిస్తే ముక్కుతో పిలిచినట్టుండేది. కానీ ఎత్తు లేదు. దాని ఈడు పిల్లలందరి కన్నా పొట్టి. తాత గుంటలో కూర్చోబెడితే పాదాలు తొక్కుడు కట్టెలకు అందలేదు. బెత్తెడు తక్కువ పడింది.

"గుంటల రెండు తట్టల మన్ను పొయ్యి, కట్టెలు మీదికి ఎత్తు. కాళ్లందుతయి," అన్నది నాయినమ్మ. "గీమాత్రానికి ఇంత పరేషానెందుకురా."

బాపు తల అడ్డంగా ఊపాడు. "మా నాయిన గుంట. ఆయనను పెట్టినకాడ పిడికెడు మన్ను పొయ్యలేదు నేను. గిందుల తట్టలకు తట్టలు పోస్తనా? నాతోని గాదవ్వా."

అంతే. రెండు తట్టల మన్ను. మా చెల్లె బతుకును ఆ రెండు తట్టల మన్ను పోయకపోవడం మార్చేసింది. వేరే కారణం ఏదీ లేదు. నేను చాలాసార్లు వెతికాను.

బస్సు అడ్డా దగ్గర ఒక కంపౌండర్ ఉండేవాడు. గదికి పరదా కట్టి సూదులు వేసేవాడు. చెడ్డవాడు కాదు. మా వాడలో దగ్గుతో కట్టెపుల్లయిన ఒకాయనకు తాకత్ సూదులు వేస్తే ఆయనకు కండ పట్టింది, మళ్లీ మగ్గం ఎక్కాడు. అదే మందు పిల్లలను పొడుగు చేస్తుందని ఎవరో కంపెనీ మనిషి చెప్పిపోయాడట. బాపు పోయి అడిగితే, ఒక కాగితం తీసి అందులో బొమ్మ చూపించాడు. ఒక పొట్టి పిల్లవాడు, పక్కన ఒక పొడుగు పిల్లవాడు.

"బొక్కలు సాగుతయి పటేలా. నెలకు రెండు సూదులు."

"నెలకు రెండా? ఎన్నడు పెరుగాలె? సంవత్సరీకం లోపల మగ్గమెక్కాలె పోరి," అన్నాడు బాపు. "పడుగుకు గంజి ఒక్క తాపకే బిగువస్తదా సాబ్? తాప మీద తాప ఎయ్యాలె. వారం వారం ఎయ్యి."

కంపౌండర్ ఆ కాగితం మడిచి పెట్టాడు. సరేనన్నాడు. నూలుకు పెట్టే గంజి లెక్క ఒంట్లో పోసే మందుకు పనికిరాదని వాళ్లిద్దరిలో ఎవరికీ తోచలేదు. ఎదిరించి అడగడానికి నాకూ తెలియదు.

ఉగాది దాటినంక మొదలుపెట్టారు. ఆముదమంత చిక్కటి మందు. చిన్న సీసాను వేడినీళ్లలో వేసి కాచి, లావు సూదితో పిరుదుకు పొడిచేవాడు. చెల్లె కుంటుకుంటూ ఇంటికొచ్చి గుమ్మంలో బోర్లా పడుకునేది. "అక్కా, గీ సూది నువ్వేయించుకోరాదే, నువ్వు సుత పొట్టిదానివే గదా," అని నన్ను ఎకసెక్కం చేసేది. ఆకలి పెరిగింది. రెండు జొన్నరొట్టెలు తినేది నాలుగు తినసాగింది. భుజాలు గట్టిపడ్డాయి. వానలు పడే నాటికి నిజంగానే పెరిగింది. గుంటలో కూర్చోబెడితే బొటనవేళ్లు కట్టెలకు అందాయి. బాపు వాడంతా బెల్లం పంచాడు.

అక్కడ ఆపాలి. ఎవరూ ఆపలేదు. అందిన కాలు ఇంకా బాగా అందాలని సూది మీద సూది నడిచింది.

గొంతు మారడం మొదట జలుబనుకున్నాం. మా అవ్వ, మమ్మల్ని కన్నతల్లి, మిరియాల కషాయం కాచి పోసింది. మొఖం నిండా మొటిమలు లేచాయి. పైపెదవి మీద నల్లటి నూగు. "ఏందే, మీసాలస్తున్నయా?" అని వాడ పిల్లలు నవ్వితే మట్టిబెడ్డ విసిరేది. అప్పటికింకా మా చెల్లె మా చెల్లెలాగే ఉండేది.

ఒకరోజు నేనూ అవ్వా వాకిట్లో పడుగు నూలు సాగదీసి ఆసు పోస్తున్నాం. చెల్లె లోపల తాత గుంటలో నేస్తున్నది. బాపు నూలు మూటతో బయటి నుంచి వచ్చి దర్వాజ తోశాడు. లోపల చీకటి. గుంటలోంచి, నేత ఆపకుండానే, తల ఎత్తకుండానే ఒక గొంతు అడిగింది.

"ఎవలు?"

తాత అట్లాగే అడిగేవాడు. అదే చోటు నుంచి, అదే ఒక్క మాట, బిందె అడుగులోంచి వచ్చినట్టు. ఆసు పోస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. బాపు చేతిలోంచి మూట జారింది. గడప మీదనే మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"నాయినా," అన్నాడు. "నాయినా, అచ్చినవా?"

చెల్లె తల ఎత్తింది. భయపడిపోయింది. మా దిక్కు చూసింది. బాపు ఏడుస్తున్నాడు. మా బాపు ఏడవడం మేమెవ్వరం ఎన్నడూ చూడలేదు.

"నన్ను పిలిచినవా నాయినా? పోయేటప్పుడు నన్ను పిలిచినవా?"

"పిలిచిన," అన్నది చెల్లె.

తర్వాత దాన్ని బావి దగ్గర పట్టుకుని అడిగాను. "ఎందుకే అబద్ధమాడినవ్?"

"బాపు ఏడుస్తుండె గదనే. ఏమనాలె మరి?" అన్నది. ఆ మాట కూడా తాత గొంతుతోనే అన్నది. ఒక అడుగు వెనక్కి వేశాను. అది చూసింది. అది చూసిందని నాకు తెలుసు.

ఆ మర్నాటి నుంచి బాపు దాన్ని బిడ్డా అని పిలవలేదు. నాయినా అనే పిలిచాడు. పొద్దున్నే కాళ్లకు మొక్కేవాడు. ముందు దానికి పెట్టి తర్వాత తాను తినేవాడు. వాడవాళ్లు రావడం మొదలుపెట్టారు. ఒకాయన బర్రె తప్పిపోయిందని వచ్చి చేతులు కట్టుకుని నిలబడితే, ఇది విసుక్కుని, "నీ ఇంటెనుక సూస్కోరాదు," అన్నది. బర్రె నిజంగానే వాళ్లింటి వెనకే ఉంది. దాంతో ఇంకా పదిమంది వచ్చారు.

నమ్మనిది నాయినమ్మ ఒక్కతే. "యాభై ఏండ్లు సంసారం జేసిన ముసలోనితోని, నాకెర్కలేదా? నిజంగ గాయనే అచ్చుంటే మొదలు తంబాకు అడుగుతుండె, ఎనుక నన్ను తిడుతుండె. గీ పోరి రెండూ జేస్తలేదు," అనేది. అనేది గానీ, చెల్లె వెనక నుంచి హఠాత్తుగా మాట్లాడితే ఆమె చెయ్యి తనకు తెలియకుండానే కొంగు తల మీదికి లాక్కునేది.

ఆ ఏడు పెత్రామాస వచ్చింది. పోయిన పెద్దలకు అన్నం పెట్టే అమావాస్య. తాత పోయినంక మొదటిది. ఎవరి ఇంట్లోనైనా విస్తరి వడ్డించి బయట పెట్టి కాకిని పిలుస్తారు. బాపు పిలవలేదు. "మా నాయిన ఇంట్లనే ఉన్నడు, కాకెందుకు?" అని విస్తరి తెచ్చి చెల్లె ముందు పెట్టాడు. మాంసం కూర, గారెలు, ముంతెడు కల్లు. అది తలొంచుకుని తిన్నది. కల్లు మింగలేక దొడ్లోకి పోయి కక్కింది.

అదే దినం సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. ఆడపిల్లలంతా పూలు పేర్చి వాడ నడుమ పెట్టి చుట్టూ తిరుగుతున్నారు. చెల్లె కొత్త పరికిణీ కట్టుకుని పోయి వరుసలో నిలబడింది. పాట అందుకుంది. చుట్టూ చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పక్కనున్న పిల్ల చెయ్యి విడిపించుకుని వాళ్లమ్మ వెనక దాక్కుంది. చెల్లె పాట మధ్యలో ఆపేసి నిలబడింది. నేను పోయి దాని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ఎప్పుడూ వాగే పిల్ల, అప్పటి నుంచి అవసరమైతేనే మాట్లాడింది, ఒక్కో మాటే.

"సంవత్సరీకమైనంక ఆపుతవా సూదులు?" అని అవ్వ అడిగింది. బాపు ఆపనన్నాడు. కారణం దాచలేదు.

"సూది పడ్డంకనే నాయిన అచ్చిండు. సూది ఆగితే పోతడు."

అంటే ఆయనకు తెలుసు. సూదికీ గొంతుకూ ముడి ఉందని మా అందరికంటే ముందు ఆయనే కనిపెట్టాడు. ముడిని తప్పు కొసతో పట్టుకున్నాడు, అంతే.

మరుసటి ఎండాకాలం కంపౌండర్ తన చెల్లెలి పెళ్లికని నిజామాబాద్ దిక్కు పోయి చాలా దినాలు రాలేదు. ఆ దినాల్లో చెల్లె మొఖం మీద మొటిమలు మాడిపోయాయి. అవ్వ రోజూ దాని తల దువ్వుతూ ఆ మొఖం చూసేది. కంపౌండర్ తిరిగొచ్చాడు, సూది పడింది, మొటిమలు లేచాయి. అవ్వ బస్సు అడ్డా దాకా నడిచిపోయింది. పెంటకుప్ప మీద పారేసిన ఖాళీ మందు సీసాలు రెండు ఏరుకొచ్చి, కడిగి, కొంగున ముడేసుకుంది.

"కరీంనగర్ పెద్ద దవాఖానకు తోల్కపోత," అన్నది. "పదమూడు నిండినయి. ఆడపిల్లకు కావాల్సింది కాలే. మీసాలైతే మొలుస్తున్నయి. నువ్వస్తే రా, లేకుంటే లేదు."

బాపు వచ్చాడు. తండ్రిని ఒంటరిగా పంపుతాడా? బస్సులో చెల్లెను కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఖాళీ ఉన్నా తాను కూర్చోకుండా కరీంనగర్ దాకా నిలబడే వచ్చాడు. "జర కూసోరాదు బాపూ," అని చెల్లె అన్నది. ఆ గొంతుకు ముందు సీట్లో మనిషి వెనక్కి తిరిగి, పరికిణీ చూసి, మళ్లీ ముందుకు తిరిగాడు. చంటిబిడ్డను ఎత్తుకుని నేనూ వెంట ఉన్నాను.

దవాఖానలో డాక్టరమ్మ ఉంది. కోస్తా దిక్కు ఆమె, మాట్లాడే తీరును బట్టి తెలిసింది. చెల్లెను పరదా వెనక్కి తీసుకుపోయి చూసింది. మణికట్టుకు, మోకాలుకు ఎక్స్‌రే తీయించింది. అవ్వ కొంగు ముడి విప్పి సీసాలు బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ ఒక సీసా వెలుతురుకు పట్టి చదివింది. ముఖం మారిపోయింది.

"ఎన్నాళ్లుగా వేయిస్తున్నారమ్మా?"

"ఏడాది దాటిందమ్మా. వారం వారం."

ఆమె మమ్మల్ని తిట్టలేదు. తిడితే బాగుండేది. ఎక్స్‌రే కాగితం కిటికీకి ఆనించి నాకు చూపించింది. ఎముక చివర సన్నటి సందు ఒకటి ఉంటుందట, పిల్లలు ఎదిగేది ఆ సందులోంచేనట. "ఇది మగవాళ్ల ఒంట్లో ఊరేదానికి చుట్టం లాంటి మందు. జబ్బు చేసి చిక్కిపోయినవాళ్లకు కండ పట్టడానికి వాడతారు. పిల్లలకు వేస్తే మొదట గబగబా పెరిగినట్టే ఉంటుంది. కానీ ఈ సందు తొందరగా మూసుకుపోతుంది. మూసుకుంటే ఇక ఎదుగుదల ఉండదు. మీ పిల్లకు సగం మూసుకుంది. వేయించకపోతే నెమ్మదిగా ఇంతకంటే పొడుగే అయ్యేదేమో. ఇప్పుడు ఆపితే ఇంకొంచెం ఎదుగుతుంది. మొటిమలు తగ్గుతాయి. ఆడపిల్ల ఆడపిల్లలాగే ఈడేరుతుంది. ఇంకొన్నాళ్లు వేశారంటే నేను చెప్పలేను. ఇవాళే ఆపాలి."

అవ్వ బాపు వంక చూసింది. నేనూ చూశాను. చెల్లె నేల చూస్తున్నది. ఆయన ఊ అంటేనే ఆగుతుంది. ఆ కాలంలో, మా ఇండ్లల్లో, అంతే.

బాపు చేతులు జోడించి అడిగాడు. "ఆపితే గొంతు పోతదా అమ్మా?"

డాక్టరమ్మకు ఆయన అడిగింది వేరేలా అర్థమైంది. బాధపడుతున్న తండ్రి అనుకుంది. కుర్చీలోంచి కొంచెం ముందుకు వంగి, మెల్లగా చెప్పింది. "పోదు బాబూ. మొటిమలు పోతాయి. గొంతు మాత్రం ఒకసారి దిగితే మళ్లీ పైకి రాదు. జీవితాంతం ఇట్లాగే ఉంటుంది. నన్ను క్షమించాలి."

మా బాపు మొఖం వెలిగింది. దీపం పెట్టినట్టు వెలిగింది. "అట్లయితే ఆపుదాం," అన్నాడు. "ఆపుదాం, ఫికర్ లేదు."

ఇన్నేళ్లలో నేను చాలా చావులు చూశాను, మా ఇంటాయనను, ఒక కొడుకును నా చేతులతో సాగనంపాను. నిద్రలోకి వచ్చేది మాత్రం అవేవీ కావు. ఆ గదిలో వెలిగిన మా బాపు మొఖం. ఆ మొఖం వంక తల ఎత్తి చూస్తున్న మా చెల్లె.

సూదులు ఆగాయి. ఇంటికి వచ్చిన మర్నాడే అవ్వా నాయినమ్మా కలిసి తాత గుంటలో రెండు తట్టల మన్ను పోసి, పాదాలతో తొక్కి, కట్టెలు ఎత్తి కట్టారు. బాపు బయటికి పోయాడు, అడ్డం చెప్పలేదు. గొంతు ఉండిపోతుందని తెలిసినంక గుంటతో ఆయనకు పనిలేకపోయింది.

మొటిమలు పోయాయి. ఏడాదికి చెల్లె పెద్దమనిషి అయింది. ఎత్తు మాత్రం ఇంకో రెండు వేళ్లు పెరిగి ఆగింది. ఇప్పటికీ నాకంటే పొట్టి. గొంతు డాక్టరమ్మ చెప్పినట్టే అక్కడే ఉంది. ఫోన్లో మాట్లాడితే గ్యాస్ కంపెనీ పిల్లలు "సార్" అంటారు. "సార్ గాదు, నీ అమ్మమ్మను," అంటుంది. ఈ మధ్య నవ్వుతుంది కూడా. నాకు అన్నీ తెలుసు. మందు తెలుసు, ఎముక సందు తెలుసు, అన్నీ తెలుసు. అయినా ఫోన్ ఎత్తగానే ఆ గొంతు "అక్కా" అంటే, ఒక గడియసేపు చనిపోయిన మనిషి నన్ను అక్కా అని పిలిచినట్టే ఉంటుంది. తాత నన్ను అక్కా అని ఎందుకు పిలుస్తాడు? ఆలోచించి స్థిమితపడేలోపు అది అడుగుతుంది, "ఏందే, మళ్ల భయమైందా?" అని.

ఇది ఇప్పుడు రాయడానికి ఇంకో కారణం ఉంది. నా మనుమరాలి కొడుకు ఎదగడం లేదని హైదరాబాద్‌లో చూపించారు. ఎదుగుదలకు సూదులు రాశారు. ఆ మాట వినగానే నేను బస్సెక్కి పోయాను. పోయి డాక్టరునే అడిగాను. "ఏం మందయ్యా? పిల్లగాని ఒంట్ల అది తక్కువున్నదని ఎట్ల ఎర్క? ఎప్పుడు ఆపుతరు?" ఆయన చిన్నవాడు, ఓపికగా చెప్పాడు. మా చెల్లెకు వేసింది ఇది కాదు. ఇది తలలోని చిన్న గ్రంథి అందరిలోనూ ఊరించే రసమే, ఈ పిల్లవాడికి చాలినంత ఊరడం లేదని రక్తం పరీక్షలు చేసి, చేతి ఎక్స్‌రే తీసి, తలకు స్కాన్ తీసి తేల్చారు. పొట్టిగా కనపడ్డ ప్రతి పిల్లకూ వేసేది కాదన్నాడు. పిల్లవాడి బరువును బట్టి కొలత. రెండు మూడు నెలలకోసారి ఎత్తు చూసి, రక్తం చూసి కొలత మారుస్తారు. ఎముక సందు మూసుకుంటే ఆపేస్తారు, దాని తర్వాత వేసినా ఎత్తు పెరగదు. విడవని తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, తుంటి నొప్పి లేదా కుంటడం, కాళ్లు చేతులు ఉబ్బడం, మాటిమాటికీ దాహం, మూత్రం, వీటిలో ఏది కనిపించినా దాచకుండా వెంటనే రమ్మన్నాడు. కొందరికి చక్కెర పెరుగుతుందట. వెన్ను వంకర ఉంటే అదీ చూస్తుండాలట.

"ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండు కలిపి వేయకండి," అన్నాడు మా మనుమరాలితో. "తొందరగా పెరగాలని ఎక్కువ కూడా వేయకండి."

నేను లేచి ఆయనకు దండం పెట్టాను. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. పిల్లవాడికి రోజూ సూది పడుతున్నది, పరీక్షలు నడుస్తున్నాయి, బాగానే ఉన్నాడు. నేను మాత్రం వాళ్లింటికి పోయిన ప్రతిసారీ వాడితో మాట్లాడించి గొంతు వింటాను. ఆ మందుకు గొంతు మారదని తెలిసి కూడా వింటాను.

ఇక ఆ సోమవారం.

సూదులు ఆగి మూడు నాలుగు నెలలైంది. మళ్లీ పెత్రామాస. బాపు పొద్దున్నే స్నానం చేసి, తెల్ల ధోతి కట్టుకుని, పీట వేసి, చెల్లెను పిలిచి కూర్చోబెట్టాడు. పెద్దల పేర బియ్యం పుచ్చుకోవడానికి జంగమయ్య వచ్చి ఒక పక్కన కూర్చున్నాడు. అవ్వ వడ్డించింది. బాపు విస్తరి చెల్లె ముందుకు జరిపి, తాను ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఏడాది పొడుగునా ఆయన సంతోషంగా ఉన్నాడు. కల్లు మానేశాడు. వాడలో అందరితో మంచిగా ఉండేవాడు. ఆ సంతోషం అంతా చెల్లె మెడ మీద కూర్చుని ఉంది, బస్తా లాగా.

"నాయినా, కూడు వెట్టిన. అందుకో. ఒక్క మాట మాట్లాడు," అన్నాడు.

మూలమీద బస్సు హారన్ కొట్టింది.

"బాపూ, నేను నీ బిడ్డను," అన్నది చెల్లె.

బాపు నవ్వాడు. "ఎర్కే నాయినా. నా బిడ్డ లోపల్నే గదా నువ్వున్నది."

"లోపల ఎవ్వలు లేరు. నేనొక్కదాన్నే ఉన్న." విస్తరిని చేత్తో వెనక్కి జరిపింది. "నిరుడు నువ్వేడుస్తుంటె నేను అబద్ధం జెప్పిన. తాత నిన్ను పిలువలే. నీళ్లడిగిండు, ఇచ్చిన. రెండు గుటుకలు తాగి గోడదిక్కు మల్లిండు. నీ పేరు దియ్యలే. నాయినమ్మ పేరు దియ్యలే. ఎవ్వల పేరు దియ్యలే. దమ్ము తీస్కునుడే కష్టమైంది ఆయనకు, ఇంక పేర్లేడ దీస్తడు? సచ్చిపోయిండు బాపూ. తాత సచ్చిపోయిండు."

తాత చచ్చిపోయాడన్న మాట మేమంతా తాత గొంతులోనే విన్నాం.

జంగమయ్య చేతిలోని గంట అట్లాగే పట్టుకుని ఉన్నాడు. నాయినమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, "గంతే గదరా, నీళ్లడుగకుంటె ఏమడుగుతరు," అని ఏడవడం మొదలుపెట్టింది. పోయిననాడు కూడా ఆమె అట్లా ఏడవలేదు.

చాలాసేపటికి బాపు రెండు చేతులతో విస్తరి ఎత్తుకున్నాడు. మా ఇంటాయన అందుకోబోయాడు, వద్దన్నాడు. దర్వాజ దాటి వాకిట్లోకి పోయి, గోడ మీద విస్తరి పెట్టి, ఆకాశం దిక్కు మొఖమెత్తి కాకిని పిలిచాడు. ఆ పిలుపు మా లోపలికి వినపడింది. "రా నాయినా. రా." నిరుడు పిలవాల్సిన పిలుపు అది.

లోపల చెల్లె పీట మీదనే కూర్చుని ఉంది. నేను పోయి దాని పక్కన కూర్చున్నాను. ఈసారి వెనక్కి జరగలేదు. కాసేపైనంక బాపు వాకిట్లోంచే, లోపలికి చూడకుండా, మామూలు గొంతుతో అడిగాడు.

"బిడ్డా, నువ్వు తిన్నవా?"

"తినలే బాపూ," అన్నది.

ఆ దినం అక్కడ ఉన్నవాళ్లు వీళ్లు. వాకిట్లో బాపు. వంటచోట గరిటె చేత పట్టుకుని అవ్వ. గోడ దగ్గర నాయినమ్మ. బియ్యానికి వచ్చిన జంగమయ్య. దర్వాజ దగ్గర మా ఇంటాయన. నా ఒళ్లో పాలు తాగుతున్న నా పెద్దకొడుకు. నేను. పీట మీద మా చెల్లె.

తాత లేడు.